డాక్టరుకు తెలియజేశాను

మరణ ధ్రువపత్రం ఎలా నింపాలో మాకు ఫిబ్రవరిలో నేర్పుతారట. శిక్షణ పట్టికలో అలాగే ఉంది. జూలైలో చక్కెర జబ్బు, ఆగస్టులో ఊపిరితిత్తులు, ఫిబ్రవరిలో చావులు. ఆర్బిన్ కాడిల్‌కు ఆ పట్టిక ఎవరూ చూపించలేదు. అక్టోబరులో ఒక శనివారం పొద్దున, వరండాలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ పోయాడు.

సోమవారం ఎనిమిదింటికల్లా ఆ ఫారం నా బల్ల మీద ఉంది. చావుల సంగతి చూసే కౌంటీ అధికారి శనివారమే వెళ్లి చూశాడు. డెబ్భై ఒక్క ఏళ్లు, గుండె బలహీనం, మూత్రపిండాలు అంతంతమాత్రం, ఇందులో వింతేముంది అనుకుని, కారణం రాసే పని వైద్యం చేసినవాళ్లకే వదిలేశాడు. వైద్యం చేసింది నేను. ఏం రాయాలో చూద్దామని ఆయన చార్టు తెరిచాను. అన్నిటికంటే పైన, గురువారం సాయంత్రం నాలుగూ యాభైకి నేను రాసిన ముక్క ఉంది. పొటాషియం 5.9. డాక్టరుకు తెలియజేశాను.

రెండుసార్లు చదివాను. ఏ డాక్టరుకి? ఆ గురువారం మా క్లినిక్‌లో డాక్టరే లేడు. ఉన్నా, ఆర్బిన్ ఆయన రోగి కాదు, నా రోగి. ఆ అంకె ఎవరికి తెలియాలో ఆ మనిషిని నేనే. నాకు తెలిసింది, నేను రాశాను, పూర్తయిందని మీట నొక్కాను. అది నా తెర మీద నుంచి మాయమైంది.

ఇది ఎలా జరుగుతుందో నర్సు పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఎంత చెప్పినా అర్థం కాదు. కొండ అవతల పెద్దాసుపత్రిలో, గుండె రోగుల వార్డులో నేను పద్నాలుగేళ్లు నర్సుగా చేశాను. ఏ రక్తపరీక్షలో ఎర్ర అంకె కనిపించినా డాక్టరు చెవిన వేయడం, వేశానని చార్టులో రాయడం, ఇంకో మంచం దగ్గరికి పోవడం. రోజుకు పదిసార్లు, పద్నాలుగేళ్లు. ఆ ముక్క రాయడానికి నాకు బుర్ర అక్కర్లేదు, వేళ్లు చాలు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో పైచదువు పూర్తిచేసి నర్స్ ప్రాక్టీషనర్‌ని అయ్యాను. అంటే రోగిని చూసి జబ్బు ఇదీ అని చెప్పి, మందు నా పేరుతో నేనే రాయగలను. వేళ్లకు మాత్రం ఎవరూ పట్టా ఇవ్వలేదు.

డాక్టర్లు వచ్చి నిలవని చోట్లకు మా లాంటివాళ్లను పంపుతారు. కొత్తవాళ్లు బెదిరి పారిపోకుండా మొదటి ఏడాది ఒక పెద్దదిక్కును పక్కన పెడతారు. దాన్ని రెసిడెన్సీ అంటారు. కెంటకీ తూర్పు కొండల్లో, బేర్ ఫోర్క్ అనే వాగు పక్కన, మూతపడిన బ్యాంకు భవనంలో మా క్లినిక్. టీకాలు ఖజానా గదిలో ఉంటాయి. నా పెద్దదిక్కు వెల్డా హెన్స్‌లీ. ఆమె కూడా నర్స్ ప్రాక్టీషనరే. అరవై ఒక్క ఏళ్లు, అందులో ఇరవై ఆరేళ్లు ఇదే భవనంలో. మొదటి మూడు నెలలు నేను చూసిన ప్రతి రోగి గురించీ గుమ్మంలో నిలబడి ఆమెకు చెప్పాలి. నాకొచ్చే రిజల్టులన్నీ ఆమె తెర మీద కూడా కనిపిస్తాయి. అక్టోబరు ఒకటి నుంచి అది ఆగిపోతుంది. ఆ రోజు ఆమె నా గదిలోకి తొంగిచూసి, "ఇయ్యాళ్టి నుంచి నీ రిజల్టులు నీ ఒక్కదానికే వస్తాయి ట్రెవా. నాకేం కనపడదు. అనుమానం వస్తే అడుగు, సిగ్గుపడి చంపకు," అని వెళ్లిపోయింది. నేను నవ్వాను. పదిహేడు రోజులు గడిచాయి.

ఆర్బిన్‌కు కాళ్ల వాపు. గనిలో పైకప్పు కూలకుండా మేకులు బిగించే పని ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. నేనంటే ఇష్టం, ఏడిపించడం ఇంకా ఇష్టం. "ఎంత చదివినా నువ్వు సూది గుచ్చే రకానివేలే. మొహంలోనే తెలిసిపోతా ఉంది," అనేవాడు. నీరు లాగడానికి ఆయనకో కొత్త మాత్ర రాశాను. ఆ మాత్రతో ఒంట్లో నీరు పోతుంది, పొటాషియం మాత్రం లోపలే ఉండిపోతుంది. అది మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. అందుకే వారానికి రక్తపరీక్ష రాశాను. ఆయన భార్య ఓమాతో, "ఉప్పు పూర్తిగా మాన్పించండి," అని కూడా చెప్పాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను. పరీక్షలో అంకె ఆరు దాటితే లాబ్‌వాళ్లే ఫోన్ చేస్తారు. ఆయనది ఆరుకు పదో వంతు తక్కువైంది.

ఇదంతా సోమవారం ఉదయం ఎనిమిదీ పదికి నాకు అర్థమైపోయింది. ఏడుపు రాలేదు. చేతులు వణకలేదు. పన్ను పీకేముందు మత్తుసూది వేశాక దవడ ఉంటుందే, అలా ఉన్నాను. అది నాదేనని తెలుసు, గిల్లినా తెలియదు. మధ్యాహ్నం దాకా ఆరుగురిని చూశాను. ఒకామె చెవిలోంచి గుబిలి తీశాను. బాగా తీశావని ఆమె మెచ్చుకుంది కూడా.

భోజనాల వేళ వెల్డా గదికి వెళ్లాను. ఆమె మొక్కజొన్న రొట్టె చిక్కుడుగింజల రసంలో ముంచుకుని తింటోంది. నేను నిలబడే చెప్పాను. రొట్టె కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, తన తెర మీద ఆర్బిన్ చార్టు తెరిచింది. చాలాసేపు చదివింది.

"రాసేటప్పుడు ఏమనుకున్నావ్?" అంది.

"ఏం అనుకోలేదు. అసలేం అనుకోలేదండీ."

"ఊఁ." కళ్లద్దాలు తీసింది. "ఫోన్ చేసుంటే ఏం చేసేదానివి?"

"మాత్ర ఆపమనేదాన్ని. వెంటనే ఆసుపత్రికి పొమ్మనేదాన్ని. ఈసీజీ తీయించేదాన్ని."

"బతికేవాడా?"

"తెలీదండీ."

"నాకూ తెలీదు. ఎవరికీ తెలీదు. సచ్చిపోయాక రక్తంలో పొటాషియం చూసి లాభం లేదు, అందరికీ ఎక్కువే ఉంటది. ఆ గుండెతో మామూలుగానే పోయుండొచ్చు కూడా. ఏదీ తేలదు ట్రెవా. తేలకుండానే నువ్వు పన్లోకి రావాలి."

"మళ్లీ మొదట్లోలాగా అందర్నీ మీకు చెప్పే చూస్తాను. రిజల్టులు మీకూ వచ్చేలా పెట్టించండి," అన్నాను. ఆ మాట అనగానే ఒంట్లో బరువు దిగినట్టయింది. ఆ రోజు మొత్తంలో నాకు తెలిసిన భావం అదొక్కటే.

వెల్డా నా మొహంలోకి చూసింది. ఆ దిగిన బరువు ఆమెకు కనపడింది.

"పెట్టించను," అంది. "నీకు కావాల్సింది అదే కాబట్టి పెట్టించను. నెత్తిన ఇంకోళ్లు ఉన్నారనుకునే కదా ఇది చేశావ్. మళ్లీ నెత్తిన నేనెక్కి కూచుంటే ఏం నేర్చుకుంటావ్? పో, ఒంటిగంటకి మనిషున్నాడు."

కౌంటీ అధికారికీ, పై ఆఫీసుకూ ఆమే ఫోన్ చేసింది. ఆ అధికారి ఫారం వెనక్కి తీసుకుని, గుండె జబ్బు అని తనే రాసుకున్నాడు. ఆఫీసువాళ్లు నాతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఎంత మర్యాదగా మాట్లాడారంటే, పోయింది నా మొగుడేమో అనిపించింది. విచారణ ఉంటుందనీ, ఆరు వారాలు పడుతుందనీ, ఆ తర్వాత కుటుంబాన్ని పిలిచి తామే పద్ధతి ప్రకారం చెబుతామనీ, ఈలోగా నన్ను ఎవరితోనూ నోరు మెదపవద్దనీ అన్నారు. సరేనన్నాను. పై వాళ్లకు తెలిసింది, ఇక వాళ్లే చూసుకుంటారు అనుకున్నాను. నేను మళ్లీ అదే పని చేస్తున్నానని అప్పుడు తోచలేదు.

అంత్యక్రియలకు పోలేదు. పనుందన్నాను. నిజంగానే పనుంది. నాలుగు వారాలు పనే చేశాను. ప్రతి అంకెనూ మూడేసిసార్లు చూసేదాన్ని, చూసినవాళ్లందరికీ ఫోన్ చేసేదాన్ని. బాగున్నవాళ్లకు కూడా చేసి మీరు బాగున్నారని చెబుతుంటే, వాళ్లు హడలిపోయి ఏమైంది ఏమైంది అనేవారు. ఇంటికెళ్లి టీవీ ముందు కూర్చుని ఏం చూశానో గుర్తుండేది కాదు. మా అక్క ఆపిల్ కేకు పంపితే డబ్బా మూత తీయకుండానే పాడైపోయింది.

నాలుగో శుక్రవారం పొద్దున నా జాబితాలో తొమ్మిదీ నలభైకి ఒక పేరుంది. ఓమా కాడిల్, 69. నిద్ర పట్టడం లేదు. ఇరవై నిమిషాలు.

వెల్డా గుమ్మం దగ్గరికి వెళ్లాను. "ఓమాగారు వచ్చారు. మీరు చూస్తారా?"

"నీ పేరు చెప్పి మరీ రాయించుకుంది."

"ఆఫీసువాళ్లు మాట్లాడొద్దన్నారు కదండీ."

"అన్నారు. నీకు చెప్పమని నాకూ చెప్పారు, నేనూ చెప్పాను. అయిపోయింది." వెల్డా ఖజానా గది వైపు నడుస్తూ వెనక్కి తిరగకుండానే అంది. "గది తలుపేసుకున్నాక లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు వినపడదు. నాకసలే ఎడమ చెవి సరిగ్గా పనిచెయ్యదు."

ఓమా కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి. వాళ్ల ఆడపడుచు తన బండిలో తీసుకొచ్చి బయట కూర్చుందట, లోపలికి రానందట. నెల కిందటి కంటే తొమ్మిది పౌన్లు తగ్గిందని కాగితం చెబుతోంది. బీపీ నూట డెబ్భై ఎనిమిది. ఆమె బీపీ ఎప్పుడూ అంత ఉండదు.

"కూచో తల్లీ," అంది నాతో, గది తనదైనట్టు. "నీ మొహం కూడా బాలేదే. తిండి తింటన్నావా?"

"తింటున్నానండీ. మీరు చెప్పండి."

"నిద్ర లేదు. మాత్ర ఏదైనా ఇయ్యి. లేదంటే వద్దులే, మాత్రలంటేనే భయంగా ఉంది. నా బీపీ మాత్రలు కూడా ఆపేసినా. ఆయన్ని పూడ్చిన రోజు నుంచి."

"ఎందుకాపారు?"

సంచి కొలికి తీసింది, మళ్లీ వేసింది. "మా మేనల్లుడి పెళ్లాం లేదూ, మందుల కొట్లో చేస్తదే, ఆ పిల్ల మొన్నొచ్చింది. గిన్నెలు సర్దతా సర్దతా ఆ డబ్బా చూసింది. ఉప్పు డబ్బా. మామూలు ఉప్పు కాదు, నువ్వు మానెయ్యమన్నావని దానికి బదులు వేసుకునేది దొరుకుతుందే, అది తెచ్చినా. ఉప్పు లేకుండా చిక్కుడుగింజలు నోట్లో పెట్టడాయె. ఇది చప్పగా ఉంటది కదాని రెండింతలు వేసేదాన్ని. నేనెంత తెలివైనదాన్నో అనుకున్నా. అదంతా పొటాషియమేనంట. ఆ పిల్ల డబ్బా మీద చదివి, అత్తా, మావయ్యకిది పెట్టావా అని అడిగింది. అడిగి నోరు మూసుకుంది. ఆ మూసుకోవడంలోనే తెలిసిపోయింది నాకు."

ఆ బదులు ఉప్పు సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఉప్పు మానమని చెప్పినవాళ్లు, దానికి బదులు ఏం వేస్తారని అడగాలి. నేను అడగలేదు.

"యాభై ఒక్క సంవత్సరాలు వండిపెట్టినా," అంది ఓమా. "వండిపెట్టే చంపుకున్నా."

"అలా అనుకోకండి," అన్నాను. అది నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. అదీ వార్డులో నేర్చుకున్న మాటే.

"అనుకోకుండా ఎట్టుంటా? అందుకే వచ్చినా నీ దగ్గరికి. నాకో మాట తేల్చిచెప్పు. నెలకోసారే కూడతది మా చర్చి, ఈ ఆదివారం కూడతది. నేను లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకుంటా, నా చేత్తో నేనే చేశానని. అట్టయితేగానీ నాకు తిండి దిగదు. పిల్లలకి కూడా అక్కడే తెలుస్తది. కాకపోతే అబద్ధం చెప్పకూడదు కదా ఆ చోట. అందుకని నిన్ను అడుగుతన్నా. ఆ ఉప్పేనా?"

గడియారం చూశాను. పన్నెండు నిమిషాలున్నాయి. ఆఫీసువాళ్లకు ఇంకా రెండు వారాలున్నాయి. వాళ్లు చెప్పేలోపు ఆదివారం వస్తుంది, ఈమె లేచి నిలబడుతుంది, ముగ్గురు పిల్లలు వింటారు. ఆ తర్వాత ఎవరు ఏ కాగితం పంపినా ఆ మాట వెనక్కి రాదు. ఇవన్నీ వేరేవాళ్ల గురించి ఆలోచిస్తున్నట్టు ఆలోచించాను. భయం వేయాలి. వేయలేదు. నోరు తెరిచాను.

"ఆర్బిన్‌గారి రక్తపరీక్ష గురువారం వచ్చింది. పొటాషియం ఎక్కువుంది. నేను చూశాను. వెంటనే మీకు ఫోన్ చేసి, మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్లమని చెప్పాలి. చెయ్యలేదు."

ఓమా సంచి కొలికి వదిలేసింది.

"మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ. డాక్టరుకి చెప్పానని రాసేశాను. పద్నాలుగేళ్లు అలాగే రాశాను, అలవాటుగా రాసేశాను. అక్కడ డాక్టరెవరూ లేరు. చెయ్యాల్సింది నేనే."

"గురువారం."

"గురువారం సాయంత్రం. ఐదుకి ముందు."

"మేం ఇంట్లోనే ఉన్నాం," అంది. ఎవరికి చెబుతున్నట్టూ కాదు. "గురువారం ఐదింటికి పొయ్యి మీద చిక్కుడుగింజలున్నాయి. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఫోన్ ఆ పక్కనే ఉంది, గోడకి."

ఆ గోడ ఫోన్ నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. నాలుగు వారాలుగా మొద్దుబారిన మనిషిని, అక్కడ మాత్రం నొప్పి తెలిసింది. ఎక్కడో అరికాలిలో తెలిసినట్టు దూరంగా తెలిసింది.

"అయితే ఉప్పు కాదా?"

"ఉప్పు కూడానండీ. మాత్రా, ఉప్పూ రెండూ కలిసి పెంచాయి. దానివల్లే పోయారో, గుండె దానంతటదే ఆగిందో ఎవరూ తేల్చలేరు. నేను అబద్ధం చెప్పను. కానీ ఆ ఉప్పు వాడకూడదని మీకు చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ అంకె చూసింది నేను, పిలవలేదు. మీకు ఎవరూ చెప్పనిది మీ తప్పు ఎలా అవుతుంది?"

ఆమె లేచింది. సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లింది. పిడి మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. పోనీ, వెళ్లిపోనీ అనుకున్నాను.

"ఇది కాక ఇంకెక్కడుంది క్లినిక్కు?" అంది తలుపుతోనే.

"కొండ అవతల. గంటన్నర. కొత్త రోగులను మార్చి దాకా తీసుకోవడం లేదు."

వెనక్కి వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది. చేతిసంచి నేల మీద పెట్టింది. చొక్కా చెయ్యి పైకి లాక్కుంది.

"బయట చూసినామె బీపీ ఎక్కువుందంది. ఇంకోసారి చూడు."

చూశాను. నూట డెబ్భై రెండు. పట్టీ విప్పుతుంటే ఆమె నా మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నాను. అందులో ఏముంది, దేంతో తినకూడదు, ఏ రోజు రక్తం తీస్తాం, ఎవరు ఫోన్ చేస్తారు అని ఒక్కొక్కటీ అడిగింది. ఒక్కొక్కటీ చెప్పాను. ఇంట్లో ఆ డబ్బా పారేయమన్నాను.

"నిన్ను క్షమించానని అనుకోవాకు," అంది.

"అనుకోనండీ."

"ఆదివారం పదిన్నరకి చర్చికి రా. నేను లేవను. నువ్వు లే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నేను లేచి చెప్పాల్సింది నువ్వు లేచి చెప్పు. ఉప్పు సంగతీ, గురువారం సంగతీ. మా పిల్లలు నీ నోటితో వినాలి. ఊళ్లో ఇప్పటికే ఆ డబ్బా గురించి గుసగుసలు మొదలైనాయి. నేను ఆ మాటల కింద బతకలేను." సంచి అందుకుంది. "మీకు ఆఫీసులూ, సంతకాలూ ఉంటాయిగా. ఆయన పెళ్లాన్ని, చెప్పమంటున్నది నేనే. కాగితం కావాలంటే తే, సంతకం పెడతా."

కాగితం తెచ్చాను. పెట్టింది. అది ఆఫీసు దృష్టిలో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. వెల్డాను అడగలేదు. ఆ నెలలో నేను ఎవరినీ అడగకుండా చేసిన మొదటి పని అదే.

ఆదివారం వెళ్లాను. వాగు పక్కన తెల్లరంగు చెక్క చర్చి. అక్కడ వాయిద్యాలుండవు. సంఘ పెద్ద హార్లిస్ పెన్నింగ్టన్ ఒక్కో చరణం ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు దాన్ని కొండంత పొడుగున సాగదీస్తారు. ఆడవాళ్లు బోధించకూడదు, లేచి తమ గోడు మాత్రం చెప్పుకోవచ్చు. అరవైమంది దాకా ఉన్నారు. వాళ్లలో సగం మంది నా రోగులు. ఎవరికి చక్కెర ఎంతో, ఎవరు దొంగచాటుగా సిగరెట్లు కాలుస్తారో నాకు తెలుసు. ఓమా ముందు వరుసలో ముగ్గురు పిల్లల మధ్య కూర్చుంది. నా వైపు తిరగలేదు.

"ఎవరికన్నా చెప్పుకోవాల్సింది ఉందా?" అన్నాడు హార్లిస్.

లేచాను. ఏం చెప్పాలో ముందే రాసుకుని వెళ్లాను గానీ కాగితం తీయలేదు. గదిలో ఓమాకు చెప్పిందే చెప్పాను, అంతే పొట్టిగా. నా పేరు, ఆర్బిన్ పేరు, ఆ అంకె, ఆ గురువారం. ఉప్పు మార్చడం ఓమాగారి తప్పు కాదనీ, చెప్పకపోవడం నా తప్పనీ చెప్పాను. నా గొంతు నాకు పక్కవాళ్ల గొంతులా వినిపించింది. ఎవరూ ఆమెన్ అనలేదు. ఓమా పెద్దకొడుకు తల తిప్పి చూశాడు. ఆ చూపు గురించి రాయను. కూర్చున్నాను. కొంతసేపటికి హార్లిస్ ఇంకో పాట ఎత్తుకున్నాడు. ముగింపులో అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుతారు. నా దగ్గరికి ముగ్గురో నలుగురో వచ్చారు. ఓమా రాలేదు. రావాలని నేను అనుకోలేదు కూడా.

కారులో కూర్చున్నాక చూస్తే నా చేతులు వణుకుతున్నాయి. నాలుగు వారాల్లో మొదటిసారి. తాళంచెవి దూర్చడానికి చాలాసేపు పట్టింది. అది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు.

ఎవరు చేరవేశారో, సోమవారం పొద్దునే ఆఫీసు నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మాట వినలేదు కనుక పై వారం వచ్చి సంజాయిషీ ఇవ్వాలట. వెల్డా దాన్ని చదివి, మడిచి, నాకే ఇచ్చేసింది. "నేనూ వస్తాలే నీతో," అంది. జాబితా తెరిచాను. పదకొండు పేర్లు. అందులో ఏడుగురు నిన్న చర్చిలో ఉన్నవాళ్లే. కనీసం సగమైనా కొట్టేసి ఉంటాయనుకున్నాను. ఒక్కరూ మానలేదు. అది క్షమించడమనుకుని మురిసిపోయేంత వెర్రిదాన్ని కాను. మార్చి దాకా వాళ్లకు ఇంకో చోటు లేదు.

మొదటి రోగి హార్లిస్ పెన్నింగ్టనే. చక్కెర పరీక్ష రిజల్టు కోసం వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. చర్చి గురించి ఒక్క మాట ఎత్తలేదు. మూడు నెలలుగా నేను ఏం చెప్పినా తలూపి వెళ్లిపోయే మనిషి.

"అంతా బాగానే ఉంది హార్లిస్‌గారూ," అన్నాను. "పోయినసారి కంటే తగ్గింది."

"నువ్వు చెప్పడం కాదమ్మాయ్," అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీ నా బల్ల దగ్గరికి లాక్కున్నాడు. "ఆ తెర ఇటు తిప్పు. నా కళ్లతో నేను చూసుకుంటా."

తిప్పాను. వేలు పెట్టి ఒక్కో అంకె చదివాడు. ఇదేంటి, అదేంటి, ఎంత దాటితే ప్రమాదం అని అడిగాడు. ఇరవై నిమిషాలూ దానికే సరిపోయాయి.

ఆ రోజు పదకొండుమందీ తెర తిప్పమన్నారు.